ఒకే ఊరు - కంప్యూటరుకు రెండు

రెండు క్యాన్ల పాలు చూపుకు ఒకటే. తేడా చెప్పేది లాక్టోమీటరు. పేర్ల సంగతీ అంతే.

పాత ఆదిలాబాద్ జిల్లాలో మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఒక సభ్యుని పాల బిల్లు ఆగిపోయింది. రెండు జాబితాలలోను ఊరు 'భైంసా' అనే ఉన్నది. కంప్యూటరు మాత్రం కలవలేదన్నది. సభ్యులు కార్యదర్శిని అనుమానించారు.

కంప్యూటరు ప్రతి అక్షరాన్ని, గుణింతపు గుర్తును ఒక అంకెగా దాచుకుంటుంది. ఆ అంకెలు లెక్కించాము. ఒక జాబితాలో 5, రెండవదానిలో 6 వచ్చాయి. యూనికోడ్ పద్ధతిలో ఐత్వాన్ని ఒకే అంకెగా గాని, ఎత్వము, దాని కింది గుర్తు అని రెండు అంకెలుగా గాని రాయవచ్చు. కంటికి తేడా లేదు. పేరు చివర మిగిలిన ఖాళీ కూడా ఇదే చిక్కు తెస్తుంది.

కనుక కార్యదర్శులు పోల్చే ముందు జాబితాలను ఒకే పద్ధతికి మార్పించాలి. చెల్లింపును పేరుతో గాక సభ్యత్వ సంఖ్యతో సరిచూడాలి. సభ్యులు తమ పాసుపుస్తకంలో ఆ సంఖ్య సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవలెనని కోరుతున్నాము.