భారము పడినపుడు వడకెడి ఇంజను

నేటి ప్రసంగమునకు విషయము మోటారుకారు. ఒకప్పుడు ఊరి కొక్క కారుండుటయే విశేషము. నేడు బందరు, గుడివాడ ప్రాంతములందును, దివిసీమ పల్లెలందును పలువురి ముంగిళ్లలో కారు నిలిచియున్నది. ఎద్దునకు జబ్బుచేసినపుడు దాని లక్షణము గుర్తింపనేర్చిన రైతు, కారునకు కలుగు నొక వ్యాధి లక్షణమును గుర్తించుట కష్టము కాదు.

లక్షణ మిది. బండి కదలక నిలిచియుండగా ఇంజను నెమ్మదిగా తిరుగుటను మెకానిక్కులు ఐడిలింగు అందురు. పెట్రోలు కారులలో ఆ వేగము సాధారణముగా నిమిషమునకు 700 నుండి 900 చుట్లు. పగటివేళ అది నిలకడగనే యుండును. చీకటిపడి దీపములు వెలిగించి, లోపలి పంకా త్రిప్పి, వానకు వైపరు నడిపించినంతనే బండియంతయు వడకును. ఒక్కొకప్పుడు ఇంజను ఆగిపోవును. రైలుగేటు ఎదుట ఆగినచో పదిమంది నెట్టి ప్రక్కకు చేర్తురు. కాని నాగాయలంక నుండి రోగిని బందరు ఆసుపత్రికి నడిరేయి వానలో కొనిపోవునపుడు కాలువగట్టుమీద ఆగినచో, అది ప్రాణముమీదికి వచ్చును.

దీనికి మూలమేమి? సైకిలుచక్రమునకు డైనమో ఆనించి రాత్రులందు తిరిగినవారికి ఇది యనుభవమే. బల్బునకు తీగ తగిలించినచో తొక్కుట బరువగును. తీగ విప్పినచో కొంత తేలికయగును. విద్యుత్తు ఊరక రాదు. 1831లో ఫారడే అయస్కాంతమును చలింపజేసి తీగచుట్టలో విద్యుత్తు పుట్టించెను. అట్లు పుట్టిన విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన చలనమునే యెదిరించునని 1834లో లెంజు నియమము తెలిపెను. కారులో బెల్టుచే తిరుగు ఆల్టర్నేటరునందు జరుగునదియు నిదియే. దీపములు, పంకాలు కలిసి 500 వాట్లు కోరినచో, నడుమ పోవు నష్టముతో ఇంజనుపై సుమారొక గుర్రపుశక్తికి మించిన భారము పడును. పరుగెత్తు ఇంజనునకు అది లెక్కకు రాదు; మెల్లగా తిరుగు ఇంజనునకు అది బరువే.

కావున తేల్చవలసిన ప్రశ్న యొక్కటియే: విద్యుత్తు నిచ్చునది దుర్బలమా, భారము మోయునది దుర్బలమా? మొదటిది ఆల్టర్నేటరు, దాని తీగలు, రెండవది ఇంజను.

దీనిని తేల్చుటకు మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములే సాధనము. ఒకటి యున్నపుడు మరియొకటి యుండుట అన్వయము. అది లేనపుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, అన్నిటిని ఆర్పి చూడవలెను. అప్పుడును వడకినచో భారము కారణము కాదు. వడకనిచో దీపములు, పంకా, వైపరు ఒక్కొక్కటిగా వేసి తీయవలెను. ఏ యొక్కదానితోనో మాత్రమే వడకు వచ్చినచో దోషము దానియందో, దాని తీగలలోనో యుండవచ్చును. ఏసీ సంగతి వేరు; దాని కంప్రెసరును సాధారణముగా ఇంజనే బెల్టుతో త్రిప్పును. కావున ఈ పరీక్షయందు ఏసీ ఆపియుంచవలెను.

పిమ్మట మల్టీమీటరుతో బ్యాటరీని కొలువవలెను. ఇంజను ఆగియుండగా నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగునపుడు చాల కారులలో 13.8 నుండి 14.5 వరకు చూపును. అన్ని దీపములు వేసినంతనే 13కు దిగువకు జారి, యాక్సిలరేటరు త్రొక్కినను కోలుకొననిచో, ఇచ్చునది దుర్బలము. వోల్టులు తగ్గినకొలది స్పార్కు క్షీణించును, ఇంజను తడబడును. బెల్టు వదులా, అతుకు చెడినదా, ఆల్టర్నేటరు చెడినదా యని అప్పుడు వెదకవలెను.

మన సీమలో అతుకులనే ముందు శంకింపవలెను. సముద్రపుగాలిలోని యుప్పు లోహమును త్వరగా తినును. దీపములు వెలుగుచుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవ కొనను ఇంజను లోహమునకును ఆనింపుడు. 0.2 వోల్టునకు మించి చూపినచో ఎర్తు తీగ అతుకు చెడినది. ఇంజను ఆపి, ఆ తీగ విప్పి, త్రుప్పు గీకి బిగించినచో చాలును. ఇంతమాత్రమునకు క్రొత్త బ్యాటరీ కొనుట, తలనొప్పికి తలపాగా మార్చుట వంటిది.

వోల్టులు సరిగానుండియు ఇంజను వడకినచో, మోయునది దుర్బలము. అంబాసిడరు వంటి పాతకారులలో కార్బురేటరు మర త్రిప్పి వేగము పెంచెడివారు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయెను. నేటి కారులలో కంప్యూటరు భారమును పసిగట్టి తానే గాలి హెచ్చించును. ఆ గాలిద్వారమగు థ్రాటిల్ బాడీ మసిచే పూడినను, రబ్బరుగొట్టము పగిలి గాలి దొంగదారిని దూరినను, స్పార్కు ప్లగ్గులు అరిగినను, ఆ సాయ మందదు. ఎలుక కొరికిన గొట్టమును కంటితోనే చూడవచ్చును.

రెండు మూడు జాగ్రత్తలు మరువరాదు. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ విప్పి పరీక్షించు పాతపద్ధతి నేటి కారులకు హానికరము, కంప్యూటరు చెడవచ్చును. ఉత్తరీయముతో తిరుగు బెల్టుపైకి వంగరాదు. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు; ఆ పొగలోని విషవాయువునకు రంగును వాసనయు లేవు.

మరమ్మతు మెకానిక్కే చేయవచ్చును. కాని "ఏది వేసినపుడు వడకినది, ఎన్ని వోల్టులు చూపినది" యను రెండు మాటలు మీరు చెప్పగలిగినచో, ఊహపై వస్తువులు మార్చు పని తప్పును. మీ ధనమును, రాత్రిప్రయాణమున మీవారి క్షేమమును నిలుచును.