దాణా మిక్సర్‌లో మొలాసిస్ ఎప్పుడు పోయాలి? యూరియా ముద్ద కట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

పాడి రైతులు కొందరు కలిసి చిన్న మిక్సర్ కొనుక్కొని సొంతంగా దాణా తయారు చేసుకోవడం లాభదాయకమే. అయితే అన్నీ ఒకేసారి గుమ్మరించి స్విచ్ వేస్తే సరిపోదు. దాణాలో యూరియా ఉన్నప్పుడు అది సరిగా కలవక ఒకేచోట ముద్దగా మిగిలితే, ఆ ముద్ద తిన్న పశువు చనిపోవచ్చు.

యంత్రం ఎలా కలుపుతుంది?

రిబ్బన్ మిక్సర్ తొట్టిలో ఇరుసు చుట్టూ రెండు ఇనుప పట్టీలు మెలికలుగా ఉంటాయి. బయటి పట్టీ సరుకును ఒక వైపుకు, లోపలి పట్టీ ఎదురు వైపుకు నెడతాయి. అందువల్లే సరుకు కలుస్తుంది. తొట్టి నిండా నింపితే పైపొర కదలదు. మరీ తక్కువ వేస్తే పట్టీలకు అందదు. సరుకు ఇరుసును కప్పాలి, పట్టీల పైఅంచు దాటరాదు.

మొలాసిస్ చిక్కటి ద్రవం. ముందే పోస్తే తగిలిన పొడినంతా అంటించుకుని ఉండ కడుతుంది. ఆ ఉండలోని యూరియా ఇక విడిపోదు. అందుకే పొడి సరుకు ముందు, ద్రవం చివర.

100 కిలోల దాణాకు

మొక్కజొన్న నూక 30, వేరుశనగ చెక్క 30, తవుడు 30, మొలాసిస్ 6, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1, యూరియా 1 కిలో. యూరియా ఇంతకు మించరాదు. కొత్తగా మొదలుపెట్టేవారు యూరియా మానేసి ఆ మేరకు తవుడు వేసుకోవడం మేలు.

కలిపే విధానం

1. యూరియాను మెత్తగా పొడి చేసి, ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమంతో పాటు 5 కిలోల తవుడులో చేత్తో బాగా కలపండి.
2. మిగతా పొడి సరుకులో సగం మిక్సర్‌లో వేసి, దానిపై ఈ మిశ్రమాన్ని చల్లి, మిగతా సగం వేయండి. 5 నిమిషాలు తిప్పండి.
3. మిక్సర్ తిరుగుతుండగానే మొలాసిస్‌ను సన్నటి ధారగా, తొట్టి పొడవునా పోయండి. మరో 5 నిమిషాలు తిప్పండి.
4. కరెంటు ఆపాకే చేయి పెట్టండి. రెండు చివర్ల నుంచి, మధ్య నుంచి పిడికెడు చొప్పున తీసి చూడండి. ఉండలుంటే చిదిపి మళ్లీ తిప్పండి. మూలల్లో పేరుకున్నది ప్రతిసారీ గీకి శుభ్రం చేయండి.

తప్పనిసరి జాగ్రత్తలు

యూరియా దాణాను కుడితిలో నానబెట్టరాదు. యూరియా నీళ్లలో కరిగి ఒక్కసారిగా కడుపులోకి చేరుతుంది. 6 నెలల లోపు దూడలకు, ఖాళీ కడుపుతో ఉన్న పశువులకు పెట్టరాదు. కొత్తగా పెట్టేటప్పుడు కొద్దికొద్దిగా పెంచుతూ రెండు, మూడు వారాల్లో అలవాటు చేయండి. మేత తిన్నాక వణుకు, నోట నురుగు, కడుపు ఉబ్బరం కనిపిస్తే దాణా ఆపి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. ఆలస్యం చేస్తే పశువు దక్కదు.