పాత మారుతి, కొత్త మెకానిక్

హైదరాబాద్ తార్నాక లోపలి వీధుల్లో గేటు పక్కన, చెట్టు నీడన కవరు కప్పుకుని కదలకుండా ఉన్న మారుతి 800 ఇప్పటికీ కనబడుతుంది. ఉస్మానియా యూనివర్సిటీలోనో, జాతీయ పోషకాహార సంస్థలోనో, హబ్సిగూడ ప్రయోగశాలల్లోనో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్న చాలామందికి అదే మొదటి కారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి కారు తాళాలు అందించిన నాటి నుంచి 2014లో తయారీ ఆగేదాకా దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఇక్కడికి దగ్గర్లోనే, 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ నల్లబల్ల మీద గీసి చెప్పే నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ఇక్కడ దుమ్ము పట్టి ఊరికే పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది.

రిపేరు నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా అనువైన బండి మన దగ్గర లేదని నా నమ్మకం. 796 సీసీ, మూడే సిలిండర్లు. బానెట్ ఎత్తితే ముఖ్యమైనవన్నీ చేతికి అందుతాయి. 2000కు ముందు వచ్చిన బండ్లలో కార్బొరేటరే తప్ప పెట్రోలు కొలిచి పంపే కంప్యూటర్ ఉండదు. 10, 12, 14 సైజు పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్, చిన్న మల్టీమీటర్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

స్టార్టు కాని బండికి ఆలోచించకుండా సామాన్లు మార్చడం మొదలుపెడితే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. బ్యాటరీ కొంటారు, ప్లగ్గులు కొంటారు, పంపు కూడా మారుస్తారు. చివరికి చూస్తే ఏదో ఒక వైరు కొస తుప్పు పట్టి ఉంటుంది. ఇంజిన్ నడవాలంటే మూడే కావాలి: సరైన క్షణంలో నిప్పురవ్వ, తగిన పాళ్లలో పెట్రోలూ గాలీ, వాటిని గట్టిగా నొక్కే కంప్రెషన్. ఏది అందడం లేదో తేల్చుకున్నాకే పర్సు తీయాలి.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ. పూర్తిగా ఛార్జైన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పది వోల్టుల కంటే బాగా కిందికి జారిందంటే అది బలహీనపడ్డట్టే. ఇంజిన్ నడుస్తుండగా పద్నాలుగు దగ్గర లేకపోతే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు తీయమంటారు. కారు ఇనుప ఒళ్లంతా నెగటివ్‌తో కలిసి ఉంటుంది కాబట్టి, పాజిటివ్ ముందు విప్పుతుండగా పానా బాడీకి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో కొన్ని చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. పొడిబారిన పిస్టన్ రింగులు సిలిండర్‌ను గీయకుండా ఉంటాయి. తీసిన ప్లగ్గు కొసను వెలుతురులో చూస్తే కాఫీపొడి రంగు ఆరోగ్యం, నల్లటి మసి పెట్రోలు ఎక్కువవుతోందనడానికి గుర్తు, తెల్లబారితే తక్కువవుతోందని అర్థం. సెల్ఫ్ కొట్టాక తడిగా వస్తే పెట్రోలు చేరుతోంది, నిప్పురవ్వే రావడం లేదని అనుమానించాలి. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగానే తీసి ఎక్కడిదక్కడే పెట్టండి. ఈ ఇంజిన్ సిలిండర్లు 1-3-2 వరసలో మండుతాయి. వరస తప్పితే ఎంత సెల్ఫ్ కొట్టినా దగ్గుతుందే కాని అందుకోదు. ప్లగ్గు తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది, పానాతో వంకరగా ఎక్కిస్తే మరలు పోతాయి.

పెట్రోలు సంగతి ఇప్పుడు మరింత శ్రద్ధగా చూడాలి. నిలవ పెట్రోలులో తేలికపాటి భాగాలు ఆవిరైపోయి, మిగిలింది జిగురుగా మారి కార్బొరేటర్ జెట్ల సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. పైగా నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, దాని కోసం తయారుచేయని పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే ఇలాంటి బండికి పెట్రోలు హోసులు, క్లిప్పులు అన్నీ మార్చడమే తొలి ఖర్చు కావాలని నా అభిప్రాయం. వేడి ఇంజిన్ మీద కారే హోసును మించిన ప్రమాదం ఉండదు. పాత ముక్క చేత పట్టుకుని రాణిగంజ్ విడిభాగాల దుకాణాలకు వెళ్తే కొలత చూసి ఇస్తారు.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలుకన్నా తేలిగ్గా గిరగిరా తిరుగుతోందంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అక్కడ ఆగి, తెలిసిన మేస్త్రీని పిలవండి. బ్రేకులు, స్టీరింగు కూడా అంతే. పక్కన నిలబడి చూసి నేర్చుకోండి కాని మొదటిసారి మీ చేత్తో చేయకండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరవద్దు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గట్టి స్టాండ్లు వేశాకే దూరాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు వంద డిగ్రీలు దాటి ఉంటుంది, మూత వదులవగానే ముఖం మీదికి చిమ్ముతుంది. తీసిన నల్లటి ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వండి.

బండి కదిలాక యూనివర్సిటీ క్యాంపస్ రోడ్లు విశాలంగా కనిపించి ఊరిస్తాయి. తెల్లవారుజామున అక్కడ వాకింగ్‌కు వచ్చేవాళ్లు చాలామంది. బ్రేకులు మీ వీధిలోనే, నడక వేగంలో పరీక్షించుకున్నాకే అటు వెళ్లండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆర్సీ తీసి గడువు చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. బండి తనిఖీలో నెగ్గితే అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000కు పెంచారు.