నడుము కొలతయు నడకయు

కిందటి ఫాల్గుణమున మా పంట్లామును దర్జీకిచ్చి నడుము వెడల్పు చేయింపవలసి వచ్చినది. మూడేండ్లలో ఇది రెండవసారి. దర్జీ పట్టీ విప్పి చూచి, "అయ్యగారూ, లోపల ఇంక గుడ్డ లేదండీ" అనెను. నవ్వి ఊరకుంటిమి గాని, ఆ మాట లండను నగరమందలి యొక వృత్తాంతమును జ్ఞప్తికి దెచ్చినది. సభ్యులకు పనికివచ్చునని దానిని వ్రాయుచున్నాము.

ఆ నగరమున రెండంతస్తుల బస్సులు కలవు. ఆ కాలమున ఒక్కొక్కదానిపై డ్రైవరు ఒకడు, టిక్కెట్లిచ్చు కండక్టరు ఒకడు ఉండెడివారు. డ్రైవరు దినమంతయు కూర్చుండువాడు. కండక్టరు దినమునకు ఇంచుమించు 600 మెట్లు ఎక్కువాడు. జెర్రీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో గూడి, 35 మొదలు 64 ఏండ్ల వయసుగల వేలకొలది బస్సు పనివారి జబ్బుల లెక్కలను పరిశీలించి 1953లో ప్రకటించెను. ఒకే కొలువు, ఇంచుమించు ఒకే తరగతి మనుష్యులు. అయినను కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచుండెను; వచ్చినను ఆలస్యముగా వచ్చుచు, అంత ప్రాణాంతకము కాకుండెను.

ఇందొక సందేహమునకు తావు కలదు. డ్రైవర్లు మొదటినుండియు లావుపాటివారేమో, దోషము కూర్చుండుటది గాక కొవ్వుదేమో! మారిస్ ఏమి చేసెనో చూడుడు. కొలువువారు పనివారికి కుట్టించి యిచ్చిన పంట్లాముల కొలతలను తీయించెను. డ్రైవర్ల నడుములు, పడుచువారిలో సైతము, పెద్దవిగనే తేలెను. అనగా సందేహము కొంత నిజమే. కాని తరువాతి పరిశీలనలో సన్ననివారిని సన్ననివారితోను, లావువారిని లావువారితోను పోల్చినప్పుడు కూడ హఠాన్మరణములు కండక్టర్లలోనే తక్కువ.

2015లో ఐరోపావారు ప్రకటించిన లెక్కయు దీనికి దగ్గరగా నున్నది. 3,34,000 మందికి పైగా స్త్రీపురుషులను సుమారు 12 ఏండ్లు కనిపెట్టి చూచిరి. బొత్తిగా కదలిక లేమివలని అకాలమరణములు స్థూలకాయమువలని వానికి రెండింతలని వారి అంచనా. దినమునకు 20 నిమిషముల వడి నడకపాటి శ్రమ చేయువారికి, ఏమియు చేయనివారికన్న, ఆ భయము నూటికి 16 మొదలు 30 పాళ్లు తక్కువ. నడచువారు ఇతర విధములను గూడ ఆరోగ్యవంతులై యుండవచ్చును గనుక ఇట్టి లెక్కలను కొంత తగ్గించి గైకొనుట మేలు. ప్రక్కప్రక్క మళ్లలో దిగుబడి పోల్చునప్పుడు నేల ఒకటేనా యని మనము మొదట చూతుము గదా.

"రైతులకిది యేల?" యందురేమో. మోట తోలిన చోట ఇప్పుడు మీట నొక్కుచున్నాము. దున్నుటకు ట్రాక్టరు, కోతకు యంత్రము, పొలమునకు పోవుటకు మోటారుసైకిలు. ఆ యంత్రములను సిఫారసు చేసినవారిలో మేమును ఉన్నాము, వలదనుట లేదు. వంగి నాట్లు వేయు స్త్రీలకు ఈ వ్యాసముతో పనిలేదు. వారికి కావలసినది విశ్రాంతి. కాని గోదావరి ప్రాంతమున 45 గ్రామములలో 2003–04 నాటి మరణములను విచారింపగా, ఇంచుమించు మూడవ వంతు గుండె, రక్తనాళముల జబ్బులవలననే సంభవించినట్లు తేలినది.

మా సంఘ సభ్యుడొకడు రెండేండ్ల క్రిందట, ఏబదిరెండవ యేట, గట్టుపైననే కూలిపోయెను. సన్నని మనిషి. ఎద్దుల నమ్మినది మొదలు ఇల్లు, అరుగు, బండి తప్ప ఎరుగడు. చుట్టలు కాల్చెడివాడు గనుక నింద అంతయు కూర్చుండుటపై మోపము. అయినను, బక్కవానికి భయము లేదని మేమందరమును అనుకొనియుంటిమి. అదియే మా తప్పు.

మనవారిలో నడుము పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా 35½ అంగుళములు, స్త్రీలకు 80, అనగా 31½ అంగుళములు దాటినచో జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుదురు. కొలత బొడ్డు మట్టమున తీయవలెను, పంచె ముడి క్రింద గాదు. చాలకాలముగా కదలనివారు కొద్దికొద్దిగా మొదలిడవలెను. నడచునప్పుడు రొమ్మున బరువు తోచినచో ఆగి, ఆ దినముననే వైద్యునికి చూపించుకొనవలెను.

ఉగాది మొదలు మేము తూము వద్ద బండి నిలిపి, ప్రదర్శన క్షేత్రము వరకు గట్టు వెంబడి నడచుచున్నాము. పోను రాను నలుబది నిమిషములు. నడుము ఇంతవరకు ఒక్క అంగుళమైనను తగ్గలేదు. మెట్లెక్కునప్పటి ఆయాసము మాత్రము తగ్గినది. మంగళవారములలో ఉదయము ఆరు గంటలకు తూము వద్దకు వచ్చు సభ్యులు మాతో నడచి, త్రోవలో నారుమళ్లను గూడ చూడవచ్చును.