ప్లెయిన్స్‌బరోలో అక్షరాలెన్ని?

మా అమ్మాయి తెలుగు క్లాసు హోంవర్కులో మా ఊరి పేరు టైపు చేసింది. తెర మీద ‘ప్లెయిన్స్బరో’ అని వచ్చింది. ‘బ’ విడిగా నిలబడకుండా వత్తుగా మారి కిందికి దిగిపోయింది. “అమ్మా, కంప్యూటర్‌కి తెలుగు సరిగ్గా రాదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. డిగ్రీలో కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ధైర్యంతో, నోట్‌ప్యాడ్ లాంటి చిన్న ఎడిటర్ నేనే రాసి చూద్దామని కూర్చున్నాను.

ఇది అనుకున్నంత పెద్ద పనేమీ కాదు. ఇటలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో 2016లో ‘కిలో’ అనే ఎడిటర్‌ని సి భాషలో సుమారు వెయ్యి లైన్లలో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాన్ని చూస్తే ఎడిటర్ అంటే ఏమిటో అర్థమవుతుంది. రాసిన వరుసలన్నీ ఒక జాబితాలో ఉంటాయి. కర్సర్ ఏ వరుసలో, ఎన్నో స్థానంలో ఉందో రెండు అంకెలు చెబుతాయి. ఇక మిగిలింది ఆగకుండా తిరిగే ఒక చక్రం: నొక్కిన కీ ఏదో చూడు, వరుస మార్చు, తెర మళ్లీ గీయి. నేను పైథాన్‌లో రాశాను. కొన్ని సాయంత్రాల్లో ఇంగ్లీషు చక్కగా నడిచింది.

తెలుగు దగ్గరే చిక్కు వచ్చింది. బాణం కీ నొక్కితే కర్సర్ అక్షరం మధ్యలో ఆగిపోతోంది. లెక్కపెట్టి చూశాను. ఇంగ్లీషులో మా ఊరి పేరుకి 10 అక్షరాలు, కంప్యూటర్ లెక్కా 10. తెలుగులో మాత్రం కంప్యూటర్ 14 అంటోంది!

కారణం ఇదీ. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 గదులున్నాయి. ‘అ’ది 3077, ‘క’ది 3093. ‘స్త్రీ’కి మాత్రం ప్రత్యేకంగా గది లేదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు సంకేతాలు వరుసగా పేరిస్తే, ఫాంటు వాటిని ఒక్క అక్షరంగా గీస్తుంది. అలాగే మా ఊరి పేరు: ప, పొల్లు, ల, ఎత్వం, య, గుడి, న, పొల్లు, స, పొల్లు, బ, ర, ఓత్వం. ఇవి పదమూడే. పద్నాలుగోది కంటికి కనబడదు. ‘స్‌’కీ ‘బ’కీ మధ్య ఉండే దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. “తర్వాతి హల్లుని వత్తు చేయకు” అని చెప్పడమే దాని పని. మా అమ్మాయి వదిలేసింది దాన్నే.

అప్పుడు ఎడిటర్‌కి మూడు సూత్రాలు రాశాను. గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ముందున్న అక్షరానికే చెందుతాయి. పొల్లు తర్వాత వచ్చే హల్లు కూడా అందులోనే కలుస్తుంది. మధ్యలో ఆ కనబడని గుర్తు ఉంటే మాత్రం కొత్త అక్షరం మొదలవుతుంది. అంతే, 14 కాస్తా 5 అయింది: ప్లె, యి, న్స్‌, బ, రో. మనం వేళ్ల మీద లెక్కపెట్టినట్టే! యూనికోడ్ ప్రమాణం కూడా 2023లో 15.1 వచ్చేదాకా ‘స్త్రీ’ని మూడు ముక్కలుగానే లెక్కపెట్టేది.

బ్యాక్‌స్పేస్ సంగతి వేరు. ‘కి’ బదులు ‘కీ’ పడితే మొత్తం అక్షరం పోకూడదు, దీర్ఘం పోతే చాలు. అందుకే బ్యాక్‌స్పేస్‌కి ఒక్క సంకేతం, బాణం కీలకి మొత్తం అక్షరం అని పెట్టాను.

ఇలాంటి లెక్కలు తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. ‘జ్ఞా’ని ఆ కనబడని గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

ఇప్పుడు మా అమ్మాయికి జవాబు చెప్పగలను. కంప్యూటర్‌కి సొంతంగా ఏ భాషా రాదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లకి ఎంత తెలుసో దానికీ అంతే తెలుసు. ఇక్కడి పిల్లలు వారమంతా కోడింగ్, వారాంతంలో గుణింతాలు నేర్చుకుంటున్నారు. రెండూ వేర్వేరు చదువులని వాళ్లూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. పై మూడు సూత్రాలు రాయాలంటే మాత్రం రెండూ కావాలి.

మీ ఇంట్లోనూ మొదలుపెట్టి చూడండి. పైథాన్‌లో మీ పిల్లల పేరు పొడవెంతో అడగండి. వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టమనండి. రెండు లెక్కలూ కలవకపోతే, ఎందుకో వాళ్లనే కనిపెట్టనివ్వండి.