రాళ్లు అరగదీసే పనికి అంత చదువా?

మా పూజగదిలో అమ్మమ్మ నాటి లక్ష్మీదేవి పటం ఒకటుంది. తామరపువ్వులో నిలబడిన రవివర్మ లక్ష్మి. అంచులు చెదలు తిన్నాయిగానీ రంగులు మాత్రం చెక్కుచెదరలేదు. పండక్కి తుడిచి బొట్టు పెట్టడమే తప్ప ఆ పటం ఎలా తయారైందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పోయినేడాది మా అమ్మాయి ఆలోచింపజేసింది.

హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఏ. పూర్తిచేసి వచ్చి, "అమ్మా, లిథోగ్రఫీ నేర్చుకుంటాను. ప్రింట్‌మేకింగ్‌లో ఎం.ఎఫ్.ఏ.కి అప్లికేషన్ పెడుతున్నా" అంది. నేను గతుక్కుమన్నాను. మా ఆడపడుచైతే పిల్ల ముందే అనేసింది: "రాళ్లు అరగదీసే పనికి అంత చదువెందుకు వదినా? రేపు పెళ్లివారు అడిగితే ఏం చెబుతావు?"

నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ అదే ఉంది. వద్దనేశాను. రెండ్రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "వద్దనే ముందు ఒక్కసారి వచ్చి చూడు" అంది. సరేనని వాళ్ల కాలేజీకి వెళ్లాను.

నూనెకీ నీళ్లకీ పడదు

బల్లమీద నున్నటి సున్నపురాయి పలక. దానిమీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీసింది. కొంచెం నైట్రిక్ ఆమ్లం కలిపిన తుమ్మజిగురులాంటి బంక పూసింది. తర్వాత తడిస్పాంజితో తుడిచి, సిరా రోలరు దొర్లించింది. జిడ్డున్న చోట సిరా పట్టింది, తడి ఉన్న చోట పట్టలేదు. నూనె అంటిన పళ్లెం మీద నీళ్లు నిలవవని మనకి తెలియదా? ఈ పనంతా ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది.

కాగితం మీద బొమ్మ అటుదిటు పడుతుంది. అందుకని అక్షరాలు తిరగేసి రాయాలి. రంగుకో రాయి కావాలి, అన్నీ ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా పడాలి. అచ్చు అయ్యాక రాయిని ఇసుకలాంటి గరుకుపొడితో అరగదీసి మళ్లీ వాడుకుంటారు. మా ఆడపడుచు అన్న మాటలో అబద్ధమేం లేదు!

"మన లక్ష్మి పటం కూడా ఇలాగేనమ్మా" అంది పిల్ల. రవివర్మ 1894లో బొంబాయిలో లిథో ప్రెస్సు పెట్టాడు. జర్మనీ నుంచి యంత్రాలు, నిపుణులు వచ్చారు. కొన్నేళ్లకు ఆ ప్రెస్సుని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడే కొనుక్కున్నాడు. పటం మీద రవివర్మ పేరే ఉంటుంది. ఆ రంగుల్ని రాళ్లమీదికి ఎక్కించిన వాళ్లెవరో మనకి తెలియదు.

అమ్మ చెప్పిన చాకలి పద్దు

ఈ విద్య పుట్టుకలోనూ ఓ అమ్మ ఉంది. జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ నాటకాలు రాసేవాడు. అచ్చు వేయించుకునే స్తోమతు లేక, చవగ్గా తనే అచ్చువేసే దారి వెతుక్కుంటున్నాడు. 1796లో ఓరోజు వాళ్లమ్మ చాకలి పద్దు రాయమంది. చేతికి కాగితం అందలేదు. తను తయారుచేసుకున్న మైనం, సబ్బు, మసి కలిపిన సిరాతో పక్కనున్న రాతిమీదే రాసేశాడు. తర్వాత ఆ రాతని అచ్చు తీస్తే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. ఆ దారినే వెళ్లి 1798 నాటికి లిథోగ్రఫీని సాధించాడు.

పొడి అక్షరాల వెనక ఆడమనిషి

ఫ్యానీ పామర్ కథ విన్నాక మాత్రం నాకు మనసు మనసులో లేదు. 1812లో ఇంగ్లండులో పుట్టింది. 1840లలో కుటుంబంతో న్యూయార్క్ చేరింది. భర్త సంపాదన అంతంతమాత్రం. ఇల్లు నడిపే బరువు ఆమెదే. కరియర్ అండ్ ఐవ్స్ అనే పేరున్న కంపెనీకి రెండువందల దాకా బొమ్మలు చేసింది. అమెరికాలో ఎన్నో ఇళ్ల గోడలమీద ఆమె గీసిన పల్లెలు, పడవలు, రైళ్లు వేలాడాయి. పేరు మాత్రం ఎఫ్.ఎఫ్. పామర్ అని పొడి అక్షరాలే. చూసినవాళ్లకి ఆడమనిషి అని ఎలా తెలుస్తుంది?

ఆ కంపెనీలోనే పొడుగాటి బల్ల చుట్టూ అమ్మాయిలు కూర్చుని బొమ్మలకి చేత్తో రంగులద్దేవారు. ఒకరు నీలం వేసి పక్కకి జరిపితే, ఇంకొకరు ఆకుపచ్చ. వాళ్లకి పొడి అక్షరాలు కూడా లేవు.

చింతచెట్టు పేరున్న వీధిలో

1950లు వచ్చేసరికి అమెరికాలో చేత్తో లిథోగ్రఫీ చేసే ముద్రకులు కరువయ్యారు. జూన్ వేన్ అనే చిత్రకారిణి తన బొమ్మలకోసం పారిస్ దాకా వెళ్లాల్సివచ్చింది. ఇలా కాదని 1960లో లాస్ ఏంజిలెస్‌లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఓ శిక్షణాలయం తెరిచింది. ఉన్న వీధి పేరే పెట్టింది, టామరిండ్ అని. అంటే మన చింతచెట్టే! 1970లో అది న్యూమెక్సికో విశ్వవిద్యాలయానికి మారింది. అక్కడ అచ్చు వేసిన ముద్రకుడు కూడా కాగితం అంచున తన ముద్ర వేస్తాడు. 1974లో జూడిత్ సొలాడ్కిన్ అక్కడ మాస్టర్ ప్రింటర్ అయిన మొదటి మహిళ. తర్వాత న్యూయార్క్‌లో సొంత వర్క్‌షాప్ నడిపింది. మన తెలంగాణవాడు దేవరాజ్ డాకోజీ కూడా న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో మాస్టర్ ప్రింటర్‌గా పనిచేశారు.

మరి బతుకుతెరువో?

తల్లిగా నేనడిగిన ప్రశ్న ఇదే. పిల్ల దాచకుండా చెప్పింది. మామూలు ప్రెస్సుల్లో రాయి పోయి ఆఫ్‌సెట్ వచ్చింది. అందులోనూ పనిచేసేది ఈ నూనె, నీళ్ల సూత్రమే. రాతిమీద పని కళాకారుల దగ్గరే మిగిలింది. బరోడా, శాంతినికేతన్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ప్రింట్‌మేకింగ్ చదవొచ్చు. చదివాక సొంత బొమ్మలు వేసుకోవచ్చు, ఇతర కళాకారులకి అచ్చు వేసిపెట్టొచ్చు, పాఠాలు చెప్పొచ్చు. నెలనెలా జీతం వస్తుందన్న పూచీ మాత్రం లేదు. పెద్దరాయి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఆమ్లాలతో పని కాబట్టి చేతులకి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. సుఖమైన ఉద్యోగం కాదు. కానీ పిల్ల చేతుల్లో పనితనం కళ్లారా చూశాను. అప్లికేషన్ ఫీజు డబ్బులిచ్చాను. "తొడుగులు లేకుండా ఆమ్లం ముట్టుకోనని మాటివ్వు" అన్నాను. ఇచ్చింది.

మొన్న సంక్రాంతికి వస్తూ ఓ ప్రింటు తెచ్చింది. బొమ్మ వాళ్ల సీనియర్ వేసింది, అచ్చు తీసింది మా అమ్మాయి. మా ఆడపడుచు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అంతా వెతికింది. కింద మూలన చిన్న ముద్ర కనిపించింది.

"ఇది నీ పేరేనా? ఇంకాస్త పెద్దగా వేసుకోకూడదుటే!" అంది.