ప్రయాణంలో వాయిస్ ఓవర్: మైక్ కొనే ముందు గదిని వినండి

పోయిన మే నెలలో తణుకులో మా బాబాయి కూతురి పెళ్లి. ఆఫీసుకి నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లా. ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా, వీకెండ్స్‌లో తెలుగు ట్రైనింగ్ వీడియోలకి వాయిస్ ఓవర్ చెప్తుంటా. సరిగ్గా పెళ్లికి ముందు రోజు క్లయింట్ నుంచి మెసేజ్ వచ్చింది. రైతులకి పురుగుమందుల జాగ్రత్తలు చెప్పే ఎనిమిది నిమిషాల స్క్రిప్ట్, రేపు పొద్దునకల్లా కావాలి అని.

నాకేం కంగారు లేదు. బ్యాగులో కొత్త యూఎస్‌బీ కండెన్సర్ మైక్ ఉంది. జీతంలోంచి బాగానే ఖర్చు పెట్టి కొన్నా. లాడ్జి గదిలో టేబుల్ మీద పెట్టా. ఫ్యాన్ ఆపితే చెమటలు కారిపోతున్నాయి కాబట్టి ఒకటి మీద తిరగనిచ్చి, మొత్తం చదివేశా. వింటే వెనకాల ఫ్యాన్ హోరు. పర్లేదులే అని ఏఐతో నాయిస్ తీసే యాప్‌లో వేశా. హోరు మాయమైపోయింది. ఫైల్ పంపేశా.

తర్వాత అమ్మకి వినిపించా. మధ్యలో ఒక చోట ఆపమంది. "మందు చేత్తో కలపమంటున్నావేంట్రా?" అంది. నేను చదివింది "చేత్తో కలపరాదు" అని. చివరి "దు" కాస్త మెల్లగా పలికా. యాప్ దాన్ని కూడా ఫ్యాన్ హోరు అనుకుని తినేసింది. మిగిలింది "చేత్తో కలపరా". జాగ్రత్త చెప్పాల్సిన వాక్యం సరిగ్గా తిరగబడింది.

వెంటనే క్లయింట్‌కి ఫోన్ చేసి ఆ ఫైల్ వాడొద్దని చెప్పా. రాత్రి మైక్ సెట్ ఆగాక, ఊరి చివర కారు ఆపుకుని, అద్దాలు ఎత్తి మళ్లీ చదివా. మైక్ అదే, నేనూ అదే. మారింది చోటు, నోటికీ మైక్‌కీ మధ్య దూరం. ఈసారి ఏ యాప్ అవసరం రాలేదు.

అందుకే ఈ ఆర్టికల్. ప్రయాణాల్లో రికార్డింగ్‌కి ఏ గేర్ కొనాలో చెప్తా. కానీ అది మైక్ స్పెక్స్‌తో మొదలవదు, మీరు దిగబోయే గదితో మొదలవుతుంది.

గదిలో శత్రువులు ఇద్దరు

ఒకటి శబ్దం: ఫ్యాన్, ఏసీ, రోడ్డు మీద హారన్లు, జనరేటర్. రెండోది గది మోత: మీ గొంతే గోడకీ, టైల్స్‌కీ తగిలి తిరిగి మైక్‌లోకి రావడం. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

దుప్పటి కప్పుకుని రికార్డ్ చేయమని యూట్యూబ్‌లో చాలామంది చెప్తారు. దుప్పటి, పరుపు, బట్టలు నిండిన అల్మరా, మందపాటి కర్టెన్లు మోతని తగ్గిస్తాయి. బయటి హారన్‌ని మాత్రం దుప్పటి ఆపలేదు. దానికి చోటు మార్చాలి, లేదా టైమ్ మార్చాలి. కారు బాగా పనికొచ్చేది ఇందుకే. సీట్ల ఫోమ్ మోతని పీల్చేస్తుంది, మూసిన అద్దాలు బయటి శబ్దాన్ని కొంత అడ్డుకుంటాయి. ఇంజిన్ మాత్రం ఆపాల్సిందే.

మైక్ రకం కన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది దూరం. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ మీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాన్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది కాబట్టి దాని శబ్దం పెరగదు. 40 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకి వస్తే 12 డెసిబెల్స్ లాభం, అదీ పైసా ఖర్చు లేకుండా. తణుకులో నేను చేసిన తప్పు ఇదే. మైక్‌ని టేబుల్ మీద వదిలేసి, కుర్చీలో వెనక్కి వాలి చదివా.

తెలుగుకి ఇంకో చిక్కు ఉంది

మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "కాదు", "లేదు", "వద్దు", "కూడదు" అన్నీ తోక దగ్గరే. అక్కడికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు తగ్గుతుంది. నాయిస్ గేట్ పని ఏంటంటే, ఒక స్థాయి కన్నా తక్కువ ఉన్న శబ్దాన్ని కోసేయడం. ఏఐ యాప్స్ ఇంతకన్నా తెలివిగానే పనిచేస్తాయి. కానీ హోరు, మాట దాదాపు ఒకే స్థాయిలో ఉన్నచోట అవీ తడబడతాయి. అంటే వాక్యానికి అసలు అర్థం ఉన్నచోటే దెబ్బ పడే అవకాశం ఎక్కువ.

కాబట్టి ఎడిటింగ్‌లో తీసేయొచ్చు అనే ధీమాతో గేర్ కొనొద్దు. తీసేయాల్సింది తక్కువ ఉండేలా కొనాలి.

ఏ మైక్ ఎక్కడ?

కండెన్సర్: సున్నితంగా పట్టుకుంటుంది, గొంతులో చిన్న వివరాలు కూడా బాగా వస్తాయి. ఎక్స్ఎల్ఆర్ కండెన్సర్‌కి మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. రోడ్ ఎన్‌టీ1 ఐదో తరం మైక్ సెల్ఫ్ నాయిస్ కేవలం 4 డీబీఏ. ఇంట్లో మెత్తలు పరిచి సర్దుకున్న గదికి చాలా బావుంటుంది. కానీ లాడ్జి గదిలో ఫ్యాన్ హోరు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ ఆ 4 డీబీఏ మీకు కలిసొచ్చేదేం లేదు.

డైనమిక్: ప్రయాణాలకి నా ఓటు దీనికే. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. డైనమిక్ మైక్ బయటి శబ్దాన్ని కట్ చేస్తుంది అని అందరూ అంటారు. నిజానికి దానికి ఫ్యాన్‌ని గుర్తుపట్టే శక్తేం లేదు. ఒకే దూరంలో, ఒకే దిశలో పట్టుకునే రెండు మైకుల్లో గొంతుకీ హోరుకీ ఉండే తేడా దాదాపు ఒకటే. డైనమిక్ మైక్‌ని నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని వాడేలా తయారుచేస్తారు. లాభం ఆ దగ్గరితనంలోంచే వస్తుంది. పైగా బ్యాగులో కాస్త కుదుపులకి తట్టుకుంటుంది.

ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్, శామ్సన్ క్యూ2యూ ఈ కోవలోవి. రెండిట్లోనూ యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉంటాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడానికి 3.5 ఎంఎం జాక్ కూడా ఉంటుంది. ఇవాళ ఫోన్‌కి తగిలించొచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొంటే దానికీ వాడొచ్చు. ష్యూర్ ఎస్ఎం7బీ చూసి మనసు పారేసుకున్నవాళ్లకి ఒక మాట: దానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. చిన్న ఇంటర్‌ఫేస్‌లు అంత గెయిన్ ఇవ్వడానికి ఆయాసపడి బుస్సుమంటాయి. ప్రయాణానికి అది బరువు కూడా.

షాట్‌గన్: సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 వాయిస్ ఓవర్ స్టూడియోల్లో బాగా పేరున్నదే. కానీ చిన్న గదిలో, ఉత్త గోడల మధ్య షాట్‌గన్ అనుకున్నంత పనిచేయదు. పక్కల నుంచి తిరిగొచ్చే మోత దాని గొట్టంలో పడి గొంతు రంగు మారిపోతుంది. ఆరుబయట అయితే ఓకే.

కాలర్ వైర్‌లెస్ మైక్: డీజేఐ మైక్ 2 లాంటివి వ్లాగ్స్‌కి భలే ఉంటాయి. అయితే కాలర్ మైకులు చాలావరకు అన్ని దిక్కుల శబ్దాన్నీ సమానంగా పట్టుకుంటాయి. వీడియోలో మనిషి కనపడుతుంటే వెనక శబ్దాన్ని చూసేవాళ్లు క్షమిస్తారు. ఉత్త గొంతుకి ఆ సౌకర్యం లేదు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్: వద్దు. మామూలు కాల్ మోడ్‌లో వాటి మైక్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. "స", "శ", "ష" మధ్య తేడా నలిగిపోతుంది.

దేంట్లో రికార్డ్ చేయాలి?

మీ చేతిలో ఉన్న ఫోనే చాలు. టైప్ సీ ఉన్న ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ 15 లేదా ఆ తర్వాతది అయినా, యూఎస్‌బీ మైక్‌ని నేరుగా తగిలించొచ్చు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాలి. వావ్ ఫైల్ ఇచ్చే యాప్ వాడండి, యాప్‌లో ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్ ఉంటే ఆపేయండి. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. ఎర్తింగ్ సరిగ్గా లేని గదుల్లో మన 50 హెర్ట్జ్ కరెంటు "మ్‌మ్‌మ్" అంటూ రికార్డింగ్‌లోకి దూరిపోతుంది.

విడిగా రికార్డర్ కావాలంటే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ చూడొచ్చు. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది, 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డ్ చేస్తుంది. రైల్లో, ఊళ్లో, కరెంటు లేనిచోట ధైర్యంగా ఉంటుంది.

ఈ 32 బిట్ ఫ్లోట్ గురించి ప్రచారం ఎక్కువైంది. గట్టిగా అరిచినప్పుడు ఫైల్‌లో గొంతు పగిలిపోకుండా అది కాపాడుతుంది. గెయిన్ ఎంత పెట్టాలి అనే టెన్షన్ పోతుంది. అంతే. ఫ్యాన్ హోరుని అది ఒక్క డెసిబెల్ కూడా తగ్గించదు. తర్వాత వాల్యూమ్ పెంచితే గొంతుతో పాటు హోరూ పెరుగుతుంది. ఒకే స్థాయిలో చదివే వాయిస్ ఓవర్‌కి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ దండిగా సరిపోతుంది. మోనోలో నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, అరగంటకి 260 ఎంబీ. పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

కొనే ముందు అర నిమిషం టెస్ట్

ఇప్పుడున్న ఫోన్‌తోనే చేయండి. పది సెకన్లు మాట్లాడకుండా, తర్వాత ఇరవై సెకన్లు చదువుతూ, ఒకే గెయిన్ మీద రికార్డ్ చేయండి. ఆడాసిటీలో ఓపెన్ చేసి రెండు భాగాల ఆర్ఎంఎస్ స్థాయిలు చూడండి. ఆడిబుల్‌కి వెళ్లే ఆడియో పుస్తకాలకి ఏసీఎక్స్ పెట్టిన రూల్ మంచి కొలబద్ద: గొంతు మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, నాయిస్ ఫ్లోర్ మైనస్ 60 లేదా అంతకన్నా కింద, పీక్ మైనస్ 3 దాటకూడదు. అంటే మాటకీ మౌనానికీ మధ్య దాదాపు 40 డెసిబెల్స్ తేడా రావాలి.

తేడా 20 దగ్గరే ఉంటే కొత్త మైక్ ఆర్డర్ పెట్టకండి. ఫ్యాన్ ఆపి, మూల మార్చి, ఫోన్‌ని దగ్గరికి తెచ్చి మళ్లీ చేయండి. అంకె ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

ఫ్యాన్ ఆపడం కుదరకపోతే ఒక చిట్కా. కార్డియాయిడ్ మైక్ వెనక వైపు నుంచి వచ్చేది చాలా తక్కువ పట్టుకుంటుంది. మైక్‌ని కింద నుంచి నోటివైపు పెడితే దాని ముఖం సీలింగ్ ఫ్యాన్‌నే చూస్తుంది. నుదురు ఎత్తు నుంచి కిందికి, నోటివైపు వంచి పెట్టండి. ఫ్యాన్ వెనక్కి పోతుంది. "ప", "బ", "భ" పలికినప్పుడు ఊపిరి నేరుగా మైక్‌కి కొట్టడం కూడా తగ్గుతుంది.

నా బ్యాగులో ఇప్పుడు ఏముంది?

యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైక్, దానికి ఫోమ్ తొడుగు. టేబుల్‌కి బిగించే చిన్న క్లాంప్ స్టాండ్. టైప్ సీ కేబుళ్లు రెండు, ఎందుకంటే ఊళ్లో ముందు పోయేది కేబులే. చెవులు మూసే వైర్డ్ హెడ్‌ఫోన్స్. ఒక మందపాటి దుప్పటి, ఇది ఎలాగూ అమ్మ పెడుతుంది. కండెన్సర్‌ని అమ్మలేదు. అది ఇంట్లో నా గదిలోనే ఉంటుంది, అక్కడ బాగానే పనిచేస్తోంది.

ఇప్పుడే మొదలుపెడుతుంటే ఫోన్, యూఎస్‌బీ డైనమిక్ మైక్, వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో ఆగిపోండి. నెలకి పది రోజులు తిరిగేవాళ్లు, ఆరుబయట కూడా రికార్డ్ చేసేవాళ్లు రికార్డర్ గురించి ఆలోచించొచ్చు. ఇంటి నుంచే పనైతే కండెన్సర్‌కి వెళ్లండి, కానీ ముందు గదికి కర్టెన్లు కొనండి.

ఒక అలవాటు మాత్రం వదల్లేదు. ఏ ఊరెళ్లినా, స్క్రిప్ట్ ముట్టుకునే ముందు "చేత్తో కలపరాదు" అని ఒకసారి చదివి, హెడ్‌ఫోన్స్‌లో వింటా. "దు" వినపడితేనే మిగతా స్క్రిప్ట్.